కూచిపూడి వేదిక మీద కెమెరా, సెన్సర్, ప్రాజెక్టర్: ఎనిమిది నిమిషాల అంశం ఎలా తయారు చేయాలి?

సింహనందిని ఎప్పుడైనా చూశారా? వేదిక మీద పరిచిన పొడిలో నర్తకి తాళం తప్పకుండా అడుగులు వేస్తూ పోతుంది. తాళం ముగిసేసరికి ఆ అడుగుల జాడే సింహం బొమ్మగా తేలుతుంది. కాలు కదిలిన చోటే, కదిలిన క్షణానే గీత పడుతుంది. కూచిపూడి గురువు సీఆర్ ఆచార్యులు గారి పుణ్యమా అని మన తరం దాకా వచ్చిన ఈ అంశం గురించి, కెమెరాలూ సెన్సర్లూ పట్టుకుని తిప్పలు పడ్డ తర్వాతే నేను సరిగ్గా ఆలోచించాను. నా ల్యాప్‌టాప్ కూడా చేసేది అదే పని, ఒళ్లు కదిలిన చోట తెర మీద వెలుగు గీస్తుంది. కాకపోతే కాస్త ఆలస్యంగా చేస్తుంది. ఆ కాస్త ఆలస్యం దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

నాది పగలు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సాయంత్రం కూచిపూడి క్లాసు. ఈ రెండూ కలిపి ఎనిమిది నిమిషాల అంశం ఒకటి చేయడానికి నాకూ, నాకు తోడుగా ఉన్న ఇంజినీరింగ్ కుర్రాడికీ నాలుగు నెలలు పట్టింది. సగం కాలం తప్పులు దిద్దుకోవడానికే పోయింది. మీకు నాట్యం వచ్చి కోడింగ్ రాకపోయినా, కోడింగ్ వచ్చి నాట్యం రాకపోయినా ఇబ్బంది లేదు, రెండో మనిషిని వెతుక్కోండి. అన్నీ నేనే చేసుకుంటానంటే మాత్రం షో రోజు ఒక కంటికి కాటుక పెట్టుకుని, రెండో కంటితో వైఫై సరిచేసుకోవాల్సి వస్తుంది.

1. ఒక్క సైన్సు సంగతి ఎంచుకోండి

"విశ్వం", "కాలం", "కృత్రిమ మేధ" లాంటివి వద్దు. ప్రాజెక్టర్ మీద నక్షత్రాలు తిరుగుతుంటాయి, ముందు మనం ఏదో చేస్తుంటాం, చూసేవాళ్లకు రెండింటికీ పొత్తు కనిపించదు. నాట్యంలో ఇప్పటికే ఉన్న ఏదో ఒక భౌతిక సూత్రాన్ని పట్టుకుంటే పని తేలిక.

మేం భ్రమరి, అంటే గిర్రున తిరగడం, తీసుకున్నాం. పాత నాట్య గ్రంథం అభినయ దర్పణం ఏడు భ్రమరులు చెబుతుంది: ఉత్ప్లుత, చక్ర, గరుడ, ఏకపాద, కుంచిత, ఆకాశ, అంగ. తిరిగేటప్పుడు చేతులు చాచి ఉంటే వేగం తక్కువ, ఒంటికి దగ్గరగా లాక్కుంటే వేగం పెరుగుతుంది. బయటి నుంచి ఎవరూ తోయకపోతే కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి, బరువు ఇరుసుకు దగ్గరైన కొద్దీ తిరిగే వేగం పెరగాల్సిందే. ప్రతి నర్తకి ఒంటికీ ఇది తెలుసు. చూసేవాళ్లకు మాత్రం "అబ్బ, గిర్రున తిరిగింది" అన్నంత వరకే తెలుస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్నదాన్ని చూపించడానికే టెక్నాలజీ కావాలి.

నమ్మకం లేకపోతే ఆఫీసు కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో రెండు లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని, చేతులు చాచి, ఎవరినైనా ఒక్కసారి తిప్పి వదిలేయమనండి. తిరుగుతుండగా సీసాలు గుండెల మీదికి లాక్కోండి. సెన్సర్‌ను నడుముకు కట్టుకుని ఇదే చేస్తే మా కుర్చీలో సెకనుకు 150 డిగ్రీల దగ్గర ఉన్న అంకె 260 దాటింది. ఆ అంకెలు చూశాకే మా గురువుగారు ఈ అంశానికి ఒప్పుకున్నారు. అంతకు ముందు ఆవిడ అడిగింది ఒక్కటే: "నువ్వు తాళం తప్పితే నేను తిడతాను. మిషను తప్పితే ఎవరు తిడతారమ్మా?"

ఏ సంగతి ఎంచుకున్నా ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించండి. మాది: "చేతులు దగ్గరైతే వలయం బిగుస్తుంది." వలయం అంటే ప్రాజెక్టర్ నర్తకి చుట్టూ గీసే వెలుగు చుట్టు. ఆ వాక్యానికి పనికిరాని ఎఫెక్ట్ ఎంత బాగున్నా తీసేశాం. మా కుర్రాడు రెండు వారాలు కూర్చుని చేసిన నిప్పురవ్వల వాన కూడా అలాగే పోయింది. పాపం వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

2. మిషన్ లేకుండా అంశం పూర్తి చేయండి

సంగీతం, జతులు, అభినయం అన్నీ కుదిరి, మామూలు ట్యూబ్‌లైటు కింద గురువుగారు చూసి సరే అన్నాకే ల్యాప్‌టాప్ తెరవండి. తర్వాత సొల్లుకట్టు (త-క-ది-మి లాంటి జతి అక్షరాలు) మొత్తం కాగితం మీద రాసుకుని, ప్రతి ఆవృత్తం (తాళం ఒక చుట్టు) కింద మిషన్ ఏం చేయాలో ఒక ముక్క రాయండి. మా కాగితంలో ముప్పాతిక భాగం "ఏమీ లేదు" అనే ఉంది. ఎనిమిది నిమిషాల్లో తెర వెలిగి ఉండేది మొత్తం మూడు నిమిషాలు కూడా ఉండదు. మొదట్లో ప్రతి అడుగుకూ ఏదో ఒకటి మెరిసేది. చూసిన అక్క ఒకావిడ "కళ్లు తెర మీదే ఉన్నాయే, నిన్ను చూడనే లేదు" అంది.

రికార్డింగ్ ట్రాక్ మీద చేస్తారా, వేదిక మీద వాద్యబృందం ఉంటుందా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ట్రాక్ అయితే బొమ్మల మార్పులను సమయం ప్రకారం ముందే అమర్చేయొచ్చు. వాద్యబృందం ఉంటే ఆ రోజు మృదంగం కాస్త పరుగెత్తవచ్చు, కాస్త నిలవవచ్చు. అప్పుడు మార్పు బటన్ నొక్కే మనిషి తాళం వేయగలవాడై ఉండాలి. కోడ్ రాసినవాడే నొక్కాలన్న పట్టుదల వద్దు. మా అంశంలో బటన్ నొక్కింది మా క్లాసులో చిన్నమ్మాయి, ఇంటర్ చదువుతోంది. ఎడమ చేత్తో తాళం వేసుకుంటూ కుడి చేత్తో నొక్కేది, ఒక్కసారి కూడా తప్పలేదు.

3. ఆలస్యాన్ని కొలవండి

ఈ అడుగు మాత్రం వదిలేయొద్దు.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో పైన ఉన్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని గైడ్లు చూపిస్తారు కదా. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఆ చప్పట్లు పైకి చేరడానికి దగ్గర దగ్గర మూడు సెకన్లు పడుతుంది. వేదిక మీదా అంతే, ఏదీ ఊరికే, వెంటనే రాదు. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. ఆ ఫ్రేములో మనిషి ఎక్కడుందో ల్యాప్‌టాప్ లెక్క కట్టాలి, బొమ్మ గీయాలి, ప్రాజెక్టర్ దాన్ని వెలిగించాలి. ప్రతి చోటా కాస్త కాస్త పోతుంది.

కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఫోన్లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే చాలు. మీ చేయీ, తెరా రెండూ ఒకే చట్రంలో పడేలా పెట్టి, చేయి ఒక్కసారి విసురుగా పైకెత్తండి. వీడియోను ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ, చేయి కదిలిన ఫ్రేముకూ, తెర మీద బొమ్మ కదిలిన ఫ్రేముకూ మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీసెకన్లు. మాకు 31 ఫ్రేములు వచ్చాయి, అంటే 130 మిల్లీసెకన్లు.

ఇది ఎక్కువా తక్కువా అన్నది తాళమే చెప్పాలి. నిమిషానికి 80 దెబ్బల నడకలో ఆదితాళం అనుకోండి. ఒక్కో దెబ్బకు 750 మిల్లీసెకన్లు. మొదటి కాలంలో దెబ్బకు ఒక్క అడుగు కాబట్టి 130 ఆలస్యం ఎవరికీ పట్టదు. మూడో కాలంలో అదే దెబ్బలో త-క-ది-మి నాలుగు అడుగులు పడాలి, ఒక్కో అక్షరానికి 187 మిల్లీసెకన్లు. "త"కు వెలగాల్సిన వెలుగు "క" పడబోతుండగా వెలుగుతుంది. చూసేవాళ్లు మిషన్ను తప్పుపట్టరు, అమ్మాయి తాళం తప్పిందనుకుంటారు.

అందుకని ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేని పనులు మాత్రమే కెమెరాకు ఇచ్చాం. చేతులు నెమ్మదిగా చాచడం, భ్రమరి తర్వాత గాలిలో మిగిలే జాడ, అభినయంలో చూపు వెంట కదిలే వెలుగు, ఇవన్నీ కాస్త వెనక వచ్చినా అందంగానే ఉంటాయి. తీర్మానం (జతిని ముగించే అడుగుల వరస) చివరి అడుగు మీద పడాల్సిన మెరుపు కెమెరాకు ఇవ్వకూడదు.

4. ఏ పనికి ఏ సెన్సర్

కదలికతో శబ్దాన్నో వెలుగునో నడిపించాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1965లో న్యూయార్క్‌లో అమెరికా నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ బృందం "వేరియేషన్స్ ఫైవ్" చేసినప్పుడు వేదిక మీద ఫొటోసెల్స్, యాంటెన్నాలు పెట్టారు. నర్తకులు వాటి దగ్గరికి వస్తే, వెలుగుకు అడ్డం పడితే శబ్దాలు మారేవి. సంగీతం వైపు జాన్ కేజ్ ఉన్నాడు. అంతకు చాలా ముందే, 1890ల్లో లోయి ఫుల్లర్ అనే అమెరికా నర్తకి మీటర్ల కొద్దీ పట్టు గుడ్డ విసురుతూ, దాని మీద రంగు రంగుల విద్యుద్దీపాలు వేయించి పారిస్‌ను ఊపేసింది. రేడియంతో మెరిసే దుస్తులు కుదురుతాయా అని క్యూరీ దంపతులనే అడిగిన మనిషి ఆవిడ. మన దగ్గర ఇప్పుడున్నవి వాటికంటే చవక, చిన్నవి.

మాకు మూడు రకాలు సరిపోయాయి.

కెమెరా. ల్యాప్‌టాప్‌కు పెట్టిన వెబ్‌క్యామ్, దాని మీద మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్. ఇది ఒంటి మీద 33 బిందువులను గుర్తిస్తుంది, డబ్బులు కట్టనక్కర్లేదు. ఎవరి దగ్గరైనా పాత కినెక్ట్ (వీడియో గేముల కోసం వచ్చిన, దూరాన్ని కూడా కొలిచే కెమెరా) ఉంటే అదీ పనికొస్తుంది. రెండో తరం కినెక్ట్ సుమారు నాలుగున్నర మీటర్ల దాకానే సరిగా చూస్తుందని గుర్తుంచుకోండి, పెద్ద వేదికకు చాలదు.

ముద్రలు పట్టుకోవాలన్న ఆశ మొదట్లో అందరికీ ఉంటుంది. లెక్క చూడండి. పది మీటర్ల వెడల్పు వేదిక మొత్తం 1920 పిక్సెళ్లలో పడితే మీటరుకు 192 పిక్సెళ్లు. ఒకటిన్నర సెంటీమీటర్ల వేలికి మూడు పిక్సెళ్లు కూడా రావు. మూడు పిక్సెళ్లలో పతాకం ఏదో త్రిపతాకం ఏదో మిషన్ ఎలా చెబుతుంది? హస్తాలు చూపించాలంటే చేతికి రెండు మీటర్లలోపు వేరే కెమెరా పెట్టాలి. లేదంటే వదిలేయాలి. మేం వదిలేశాం.

ఇంకో చిక్కు మన ఆహార్యం, అంటే వేషం. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచిన సగం కూర్చున్న భంగిమ) కూర్చోగానే ముందు కుచ్చు విసనకర్రలా విచ్చుకుని మోకాళ్లను కప్పేస్తుంది. ప్యాంటు, టీషర్టుతో రిహార్సల్‌లో బ్రహ్మాండంగా పట్టుకున్న మోకాళ్లు, డ్రెస్ వేసుకోగానే ఎక్కడెక్కడో దూకాయి. అందుకని నడుము కింద ఉన్న బిందువులు దేనికీ వాడలేదు. భుజాలు, మోచేతులు, మణికట్లు చాలు. పూర్తి ఆహార్యంతో కనీసం మూడు రిహార్సళ్లు పెట్టుకోండి.

నడుముకు సెన్సర్. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, దానికి నాలుగు తీగలతో ఎంపీయూ6050 సెన్సర్. ఈ సెన్సర్ మూడు దిశల్లో తిరుగుడునూ, మూడు దిశల్లో త్వరణాన్నీ కొలుస్తుంది. దీన్ని వడ్డాణం వెనక పెట్టాం. ఒంటికి మధ్యలో ఉంటుంది, ఎవరికీ కనపడదు. కొనగానే దీని హద్దు సెకనుకు 250 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెకనుకు ఒక్క చుట్టు అంటేనే 360 డిగ్రీలు కదా, కాబట్టి భ్రమరి మొదలవగానే అంకె గోడకు గుద్దుకున్నట్టు 250 దగ్గర ఆగిపోతుంది. సెన్సర్ పాడైందనుకుని రెండోది కొన్నాం, అదీ అంతే. హద్దును 1000కి మార్చుకోవాలని ఆ తర్వాత తెలిసింది. త్వరణం హద్దు కూడా 2 జీ నుంచి 8 జీకి పెంచండి (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం), అడుగు గట్టిగా పడితే 2 చాలదు. సెన్సర్ సంచిలో పక్కకు తిరిగిపోతే ఏ దిశ ఏదో తెలియదు. అందుకని మూడు దిశల అంకెలనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీసి, ఆ ఒక్క అంకెనే వాడితే నిశ్చింత.

అడుగుకు పీజో బిళ్ల. గుండ్రటి ఇత్తడి బిళ్ల, పది ఇరవై రూపాయలు. బిళ్ల అదిరితే కరెంటు పుడుతుంది, ఆ సంకేతం కొద్ది మిల్లీసెకన్లలోనే ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. నాలుగడుగుల ప్లైవుడ్ పలక కింద నాలుగు మూలలా నాలుగు అంటించి, ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకు లాంటి సంకేతాలను ల్యాప్‌టాప్‌లోకి పంపే డబ్బా) కలిపాం. తీర్మానం మెరుపు దీని పని. ప్రాజెక్టర్ కూడా ఆలస్యం చేస్తుంది కాబట్టి ఈ మెరుపును ప్రాజెక్టర్‌కు ఇవ్వకుండా, పలక అంచున పెట్టిన ఎల్ఈడీ పట్టీకి ఇచ్చాం. అడుగూ వెలుగూ ఒకేసారి పడ్డాయి. మొత్తం అంశంలో నాకు బాగా నచ్చినది ఇదే, ఖర్చు తక్కువైనదీ ఇదే. తరంగంలో మనం ఎక్కి ఆడే ఇత్తడి పళ్లానికి కూడా ఇలాగే బిళ్ల అంటిద్దామని మావాడు ఉత్సాహపడ్డాడు. పళ్లెం జరుగుతుంది, తీగ లాగుతుంది, పైన మనిషి ఉంటుంది. వద్దు బాబూ అన్నాను.

ఎల్ఈడీ పట్టీ కొనేటప్పుడు ఒక్క లెక్క. డబ్ల్యూఎస్2812 రకంలో ఒక్కో దీపం పూర్తి తెల్లగా వెలిగితే 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. యాభై దీపాలంటే 3 ఆంపియర్లు. వెలుగు మూడో వంతుకు తగ్గించి వాడండి, చీకటి వేదిక మీద అదే ఎక్కువ.

5. ఎక్కడ కొనాలి, ఎక్కడ కట్టాలి

బోర్డులు, బిళ్లలు, తీగలు, టంకం సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఈఎస్‌పీ32, ఎంపీయూ6050 రెండూ కలిపి వెయ్యి లోపే అయ్యాయి మాకు. ఏది కొన్నా రెండు కొనండి. కంప్యూటర్ కేబుళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ. వేదిక ముందు తెరలా కట్టే నెట్ గుడ్డకు జనరల్ బజార్. లేజర్‌తో కోయించడం, త్రీడీ ప్రింటింగ్ లాంటి పనులుంటే రాయదుర్గంలోని టీ-వర్క్స్ ఉంది, నమూనాలు తయారు చేసుకునేవాళ్ల కోసమే పెట్టారు దాన్ని. నడుము సెన్సర్‌కు మేం ఏ డబ్బా చేయించలేదు. మా డ్రెస్ కుట్టే టైలర్ గారు పాత జాకెట్టు ముక్కతో సంచి కుట్టిచ్చారు, లోపల పాలిథిన్ పొర. చెమటకు బోర్డు, బ్యాటరీ తగలకూడదు. బ్యాటరీ సంచి పెట్టేటప్పుడు ఒంటికీ దానికీ మధ్య మందపాటి గుడ్డ ఉండాలి, వేడెక్కితే వెంటనే లాగేసేలా వెల్క్రో ఉండాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి. కోడ్ కాస్త రాయగలిగితే ప్రాసెసింగ్ లేదా పీఫైవ్ జేఎస్, రెండూ ఉచితం. డబ్బాలను తీగలతో కలిపినట్టు పని చేసుకోవాలంటే టచ్‌డిజైనర్. వ్యాపారేతర వాడకానికి ఉచితం, కాకపోతే బొమ్మ 1280 పిక్సెళ్లు దాటదు. నెట్ గుడ్డ మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. ఇజడోరా అనేది నాట్య బృందం నడిపిన మనిషే నాట్యం కోసం తయారు చేసింది, నేర్చుకోవడం తేలిక, కానీ కొనాలి. సెన్సర్ అంకెలు ల్యాప్‌టాప్‌కు చేరడానికి ఓఎస్‌సీ (నెట్‌వర్క్ మీద అంకెలు పంపే పద్ధతి) వాడండి. టచ్‌డిజైనర్, ఇజడోరా దాన్ని నేరుగా అర్థం చేసుకుంటాయి, ప్రాసెసింగ్‌కు ఒక లైబ్రరీ కలపాలి, పీఫైవ్ జేఎస్‌కు మధ్యలో ఇంకో చిన్న ప్రోగ్రాం కావాలి.

ఒక హెచ్చరిక. తిరిగే వేగాన్ని బట్టి తంబూర శ్రుతి పెరిగేలా పెట్టాం మొదట్లో. ఇంట్లో వింటే భలే ఉంది. పాడే ఆవిడ మొదటి రిహార్సల్‌లోనే పాట ఆపేసి, "శ్రుతి కదిలితే నేను దేన్ని పట్టుకుని పాడాలి?" అన్నారు. ఆ రోజే తీసేశాం. వేగంతో వెలుగును మార్చండి, ధ్వని గట్టితనాన్ని మార్చండి. శ్రుతి జోలికి, లయ జోలికి పోవద్దు.

6. నెట్ గుడ్డ, ప్రాజెక్టర్, లైట్లు

వెనక తెర మీద బొమ్మ వేస్తే అది పెళ్లి రిసెప్షన్ ఎల్ఈడీ గోడలా ఉంటుంది. ముందు పల్చటి నెట్ గుడ్డ కట్టి దాని మీద వేస్తే బొమ్మ గాలిలో తేలుతుంది, మనిషి దాని లోపల ఉన్నట్టు కనిపిస్తుంది. 1999లో కన్నింగ్‌హామ్ "బైపెడ్"లో చేసింది ఇదే, నర్తకుల కదలికలను ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ గీతల బొమ్మలను ముందు కట్టిన పల్చటి తెర మీద వేశారు.

తెల్ల నెట్ మీద బొమ్మ బాగా వెలుగుతుంది కానీ బొమ్మ లేనప్పుడు కూడా పొగమంచులా కనపడుతుంది. మేం బూడిద రంగు తీసుకున్నాం. ప్రాజెక్టర్‌ను ఎదురుగా కాకుండా ఎత్తు నుంచి కిందికి వాలుగా పెట్టండి. గుడ్డను దాటిపోయిన వెలుగు వెనక తెర మీద కాక నేల మీద పడుతుంది, బొమ్మ రెండుగా కనపడదు. ఎంత దూరంలో పెట్టాలో ప్రాజెక్టర్ మీద రాసిన త్రో రేషియో (దూరం బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్లో) చెబుతుంది. 1.5 అయితే, ఆరు మీటర్ల వెడల్పు బొమ్మకు తొమ్మిది మీటర్ల దూరం కావాలి. హాలుకు వెళ్లి టేపుతో కొలవండి, వాళ్లు ఫోన్లో చెప్పిన కొలత నమ్మొద్దు.

నర్తకి మీద లైట్లు పక్కల నుంచే రావాలి. ఎదురు లైటు నెట్ మీద పడితే బొమ్మ వెలిసిపోతుంది. దీనివల్ల ముఖం మీద నీడ పడి అభినయం సగం పోతుంది. అభినయం ఉన్న చోట బొమ్మ ఆపేసి ఎదురు లైటు వేయడం ఒక్కటే దారి. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

కెమెరా మాత్రం ఈ రంగులన్నీ చూసి తికమకపడుతుంది. తాను వేయించిన బొమ్మనే మనిషి అనుకుంటుంది. దీనికి మందు ఇన్‌ఫ్రారెడ్. 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వేసి, ఆ వెలుగును మాత్రమే చూసే కెమెరా పెడితే దానికి ప్రాజెక్టర్ బొమ్మ కనపడదు, ఆ వెలుగు మనకు దాదాపు కనపడదు. రాత్రి పూట చూసే సీసీ కెమెరాల్లో ఉండేవి ఆ దీపాలే, విడిగా కూడా అమ్ముతారు.

ఇక్కడే మా కొంప మునిగింది. పెద్ద హాల్లో మొదటి ప్రదర్శన. మధ్యాహ్నం టెక్ రిహార్సల్ చక్కగా అయింది. సాయంత్రం జ్యోతి ప్రజ్వలన, అతిథుల మాటలు, శాలువాలు, అన్నీ అయ్యాయి. నేను వేదిక ఎక్కి చేతులు చాచాను. నా చుట్టూ రావాల్సిన వలయం వేదిక కుడి మూలన, నటరాజ విగ్రహం పక్కన ప్రత్యక్షమైంది. నేను ఎడమకు వెళితే అది కదల్లేదు. భ్రమరి తిరిగాను. వలయం నటరాజు దగ్గరే బిగుసుకుంది. జనం అది కావాలని చేశామనుకుని చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం లోపల ఏడుపు.

కారణం ఆ దీపపు కుందె. ఐదు వత్తులూ వెలుగుతున్నాయి, మంటలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. కెమెరా కంటికి వేదిక మీద అన్నిటికంటే ప్రకాశంగా ఉన్నది అదే. మధ్యాహ్నం దీపం వెలిగించలేదు కాబట్టి తెలియలేదు. పాత హాలోజన్ లైట్లు కూడా ఇదే పని చేస్తాయి, ఎల్ఈడీ లైట్లతో ఆ బాధ దాదాపు ఉండదు. దీపం తీసేయమని ఎవరినీ అడగలేం, అడగకూడదు కూడా. సాఫ్ట్‌వేర్‌లో ఆ మూలను నల్ల చతురస్రంతో కప్పేస్తే సరిపోతుంది, రెండు నిమిషాల పని. టెక్ రిహార్సల్‌లో దీపం నిజంగా వెలిగించి చూడండి. నెట్ గుడ్డ త్వరగా అంటుకునే రకం, దీపానికీ దానికీ మధ్య కనీసం రెండు మీటర్లు ఉంచి, మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో తెలుసుకోండి.

7. హాలు ఎంచుకోవడం

మొదటిసారి చిన్న చోటే మేలు. లామకాన్ లాంటి చోట ఏభై అరవై మంది దగ్గరగా కూర్చుని చూస్తారు, అయ్యాక ప్రశ్నలడుగుతారు, ఏది అర్థం కాలేదో తెలిసిపోతుంది. రవీంద్రభారతి స్థాయి హాలుకు ఇంకా వెలుగైన ప్రాజెక్టర్, పొడుగు కేబుళ్లు, ముందురోజే లోపలికి అనుమతి కావాలి. శిల్పారామం, తారామతి బారాదరి లాంటి ఆరుబయలు వేదికలు చాలా అందంగా ఉంటాయి, కానీ ఎండలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకు ఏమీ కనపడదు, ప్రాజెక్టర్ బొమ్మ మనకు కనపడదు. హైదరాబాద్‌లో నవంబరు చివర సూర్యుడు సాయంత్రం ఐదూ నలభైకే వెళ్లిపోతాడు. జూన్ నెలాఖరులో ఆరూ యాభై దాటుతుంది. అతిథులు ఆలస్యంగా వస్తారన్న ధీమాతో వేసవిలో ఆరింటికి మొదలుపెట్టకండి. ఎప్పుడో ఒకసారి టైముకు వస్తారు.

వైఫై సంగతి ఇంకో మోసం. సాధారణ ఈఎస్‌పీ32 బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పని చేస్తుంది. ఖాళీ హాల్లో పరుగెత్తిన సంకేతం, మూడొందల ఫోన్లు లోపలికి రాగానే కుంటుతుంది. హాలు వైఫై మీద ఆధారపడొద్దు. సొంత రౌటర్ తెచ్చుకుని వేదిక పక్కనే, పక్క తెరల చాటున పెట్టండి. 1, 6, 11 ఛానెళ్లలో ఏది ఖాళీగా ఉందో జనం వచ్చాక ఇంకోసారి చూడండి. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తోనే కలపండి. పవర్ బ్యాంకు వాడితే ఇంకో తంటా. కరెంటు తక్కువగా లాగుతున్నారని కొన్ని పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆరిపోతాయి. ఇంట్లో గంటసేపు పెట్టి చూశాకే నమ్మండి.

8. షో రోజు

మనం ఆడేది ఉత్త కాళ్లతో. టంకం ముక్క, తీగ కొస, గుండుసూది, ప్లైవుడ్ పేడు, ఏది గుచ్చుకున్నా అంశం అక్కడితో ఆగిపోతుంది. అందుకని వేదిక మీద ఎలక్ట్రానిక్స్ పని అంతా ముగిశాక ఒకసారి ఊడ్చి, ఆ తర్వాత అరచేత్తో మొత్తం తడిమి చూడాలి. కేబుళ్లన్నీ నేలకు టేపుతో అంటించాలి. పలక అంచులకు గుడ్డ టేపు వేయాలి. ఈ పని ఎవరికీ అప్పగించకండి, ఎవరి కాళ్లయితే వాళ్లే చూసుకోవాలి.

ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు, నోటిఫికేషన్లు, స్క్రీన్‌సేవర్ ఆపేయండి. తెర మీద పది అడుగుల ఎత్తున వాట్సాప్ మెసేజ్ చూడాలని ఎవరికీ ఉండదు. ఒక కీ నొక్కితే తెర నెమ్మదిగా నల్లబడేలా పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే బటన్ దగ్గరున్న మనిషి ఎవర్నీ అడగకుండా అది నొక్కేయాలి, లైట్లవాళ్లు మామూలు ఎదురు లైటు వేసేయాలి, నర్తకి ఆపకుండా ఆడాలి. ఈ మూడు ముక్కలూ రిహార్సల్‌లో రెండుసార్లు కావాలని చేసి చూడండి. రెండో అడుగులో మిషన్ లేకుండా అంశం పూర్తి చేయమన్నది ఇందుకే. నటరాజు దగ్గర వలయం బిగుసుకున్న రోజు మాకు ఈ కీ లేదు.

అతిథులకూ ప్రేక్షకులకూ ముందే రెండు నిమిషాల్లో ఏం చూడాలో చెప్పడం మంచిదా కాదా అని మాలో మాకు వాదన. నేను చెప్పకూడదంటాను. మూడో ప్రదర్శనలో ఒక్క మాట కూడా చెప్పకుండా చేశాం. అయిపోయాక ఏడెనిమిదేళ్ల పిల్లాడొకడు వేదిక ముందుకొచ్చి, చేతులు చాచి తిరిగి, టక్కున దగ్గరికి లాక్కుని, "స్పీడ్ వస్తుంది అమ్మా" అని వాళ్లమ్మకు చూపించాడు.

అంతా సర్దేటప్పుడు సెన్సర్ అంకెల ఫైలు వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ఏ రోజు ఎంత వేగంగా తిరిగారో తర్వాత పోల్చుకోవచ్చు. నెట్ గుడ్డను మడవకండి, కర్రకు చుట్టండి. డ్రెస్ డ్రై క్లీనింగ్‌కు ఇచ్చే ముందు వడ్డాణం వెనక సంచి తీశారో లేదో చూసుకోండి. మా మొదటి ఎంపీయూ6050 అక్కడే పోయింది.